మీటల్లేని బాకా

మా బ్యాండు పేరు న్యూ రాయల్.
ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు,
ఏడు గుండీలల్ల నాలుగు అసలువి, మూడు పిన్నీసులు.
నల్లగొండ గడియారం కాడ
సైడుడ్రమ్ము మెడకేసుకొని నిలబడితే
నేను సుత ఏదో కోటకు కావలోన్నే.

ఏసోబు మాస్టరు మాకు ట్రంపెటు.
ఉండె.
లేడని కాదు, మనిషున్నడు.
వేళ్లు సుత ఉన్నయి, వంగవు.
మర్రిగూడ బోరునీళ్లు ముప్పయ్యేండ్లు తాగిన వేళ్లు
మీటల మీద పెడితే మేకుల్లెక్క నిలబడ్తయి.
ఓనరు ఆయన్ను లైట్లబండి తోసుడుకు మార్చిండు.

మిషన్ దవాఖాన డాక్టరమ్మ
ఆయన మోకాలుచిప్ప తడిమి చూసుకుంట
ఓ పగటీలి క్యాసెట్ పెట్టిందట.
మూడువందల ఏండ్ల కింద
ఇంగ్లండు రాణి పుట్టినరోజుకు కట్టిన బాణి.
ఆ రాణికి సుత కీళ్లనొప్పులేనట,
పట్టం కట్టేనాడు నడవలేకపోతే
కుర్చీల కూసోబెట్టి మోసుకపోయిండ్రట.

"ఆ కాలం బాకాకు మీటలు లేవు ఏసోబూ,
ఎనిమిదడుగుల గొట్టం, రెండు పెదవులు, అంతే"
అన్నదట.
మందులచీటి అక్కడనే మర్చిపోయి వచ్చిండు మాస్టరు.

ఎండిన బత్తాయి తోటల
చుట్టలు చుట్టలు పడున్న డ్రిప్పు పైపు,
చిల్లుల్లేని జాగ చూసి ఎనిమిదడుగులు కోసిండు.
ఒక కొసకు పాత ట్రంపెటు మూతి,
ఇంకో కొసకు గాసునూనె గరాటు,
నడుమ సైకిలు ట్యూబు ముక్కల కట్లు.
మొదటిరోజు ఈనే బర్రె ఒర్రినట్టు ఒర్రింది.
కుక్కలు ఉరికొచ్చినయి.
నేను నవ్విన.

"నవ్వకు మైబూ, ఇను.
కింద మెట్టుకు మెట్టుకు శాన ఎడం,
లతీఫ్ సాబు గుట్ట మొదట్ల బండల్లెక్క.
పాట అక్కడ దొర్కది.
పైకి పోయినకొద్ది మెట్లు దగ్గర పడ్తయి.
ఊపిరాడని కాడుంటది పాట.
ఒక మెట్టు మాత్రం ఓరగుంటది,
రాజుల కాలం నుంచి గంతేనట,
పెదవితోని సదురుకోవాలె."

ఏడు నెలలు సదురుకున్నడు.
పై పెదవి ఉబ్బి, పగిలి, కాయ కాసింది.

చండూరుల పెండ్లి.
బారాతు నడిబజార్ల ఉండంగ జనరేటరు ఆగింది.
డీజే డబ్బాలు నోరు మూసినయి.
కీబోర్డు పిలగాడు ఉత్త పలుక మీద
వేళ్లాడించుకుంట నిలబడ్డడు.
లైట్లబండి కిందికెల్లి చుట్ట తీసి
భుజానికేసుకున్నడు మాస్టరు.

ఏమూదిండని అడిగితే ఏం చెప్పాలె,
నేను కర్రల మనిషిని.
ఇత్తడి మెరుపు లేదు, పైపు గొంతు, కొంచెం జలుబు.
అయినా ఎత్తున, వంగకుంట,
చీకట్ల ఒంటికాలి మీద నిలబడ్డట్టున్నది.

"అన్నా, తీన్మార్!" అని ఒర్రిండ్రు పెండ్లికొడుకు దోస్తులు.
నా చేతులు తీన్మార్ కొట్టలే.
ఎవలు నేర్పిండ్రో తెల్వదు,
అడుగుకొకటి, అడుగుకొకటి,
ఎవలినో మోసుకపోతున్నట్టు కొట్టినయి.

గప్పుడు పెండ్లోళ్లింట్లకెల్లి
ఇద్దరు పోరగాండ్లు నీలం ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చిండ్రు.
కుర్చీల ఒక ముసలవ్వ,
నడుము కొడవలి, కాళ్లు రెండు ముడులు.
"ఎవలు బిడ్డా ఊదేది? మొఖం చూపియ్యిండ్రి" అన్నది.
మాస్టరు ఆపలే.
ఆమె దిక్కు తిరిగి ఆఖరి మెట్టెక్కిండు.

జనరేటరు మళ్ల గురగురమన్నది.
పాట సగంల తెగింది.
ఓనరు కూలీల వంద కోసిండు,
గాసునూనె వాసనకు పెండ్లిపెద్దలు ఏమనుకుంటరని.

తిరిగొచ్చేటప్పుడు డీసీఎం ఎన్క కూసోని
మాస్టరు గరాటు కిందికి వంచిండు.
రెండు చుక్కలు జారినయి రోడ్డు మీదికి.
"సూడు మైబూ,
మా ఊరి పైపుల మంచినీళ్లు"
అని, గారపండ్లన్ని కనబడేటట్టు
నవ్విండు.